చీకటి నీటిపై చూపు: రాత్రి నావికుని సాధనముల చరిత్ర

నీటిమీద రాత్రి ప్రయాణము మన డెల్టా ప్రాంతమువారికి క్రొత్త కాదు. ధవళేశ్వరము వద్ద 1847 మొదలు 1852 వరకును, విజయవాడ వద్ద 1852 మొదలు 1855 వరకును ఆనకట్టలు నిర్మింపబడిన పిమ్మట, వానినుండి చీలిన కాలువలు పొలములకు నీరిచ్చుటతో తృప్తిపడక మనుష్యులకును సరకులకును రాజమార్గములు కూడ నైనవి. ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయలు, పెండ్లివారు, కోర్టుపక్షులు అందఱును పడవలమీదనే సాగిపోయెడివారు. పగటి యెండను తప్పించుకొనుటకై రాత్రి పడవనే కోరువారు అనేకులుండిరి. పాలగుమ్మి పద్మరాజుగారి 'పడవ ప్రయాణం' కథ రాత్రివేళ కాలువమీద నడచుటకు ఈ వాడుకయే ఆధారము. గ్రంథాలయములతోడనే మనకు పని గనుక ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. బాట లేని పల్లెలకు పుస్తకము నీటిదారిన చేరినది.

ఆనాటి పడవల ముక్కున వ్రేలాడిన లాంతరును ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అది సరంగునకు దారి చూపుటకు కట్టినది గాదు. దాని వెలుగు నాలుగు బారలు దాటి పోదు. పైగా దానినే చూచుచు కూర్చున్నవానికి ఆవలి చీకటి మఱింత చిక్కనగును. ఎదురు వచ్చు పడవవానికి ఇచట నొక పడవ కలదని తెలుపుటయే దాని పని. అనుభవజ్ఞుడైన పడవవాడు లాంతరును తన కంటికి మఱుగుగా, ఎదుటివాని కంటికి బాహాటముగా కట్టుటకు కారణమిదియే. కనబడుట వేఱు, చూచుట వేఱు. రాత్రి నావికుని సాధనముల చరిత్ర యంతయు ఈ రెండు అవసరముల చుట్టును తిరుగుచున్నది. వీనిని ఒకటిగా భావించి ఒక దానికి పెట్టవలసిన ధనమును రెండవదానికి పెట్టువారు నేటికిని కలరు.

కనబడుటయను మొదటి అవసరమునకు దీపమే సాధనము. ఆముదపు దీపము గాలికి నిలువదు. కిరసనాయిలు వచ్చిన తరువాత, 1860ల చివరను 1870లలోను అమెరికాలో జాన్ ఇర్విన్ అను నతడు గాలిని గొట్టములగుండ మంటకు చేర్చు లాంతరును కల్పించెను. మనము హరికేన్ లాంతరని పిలుచునది ఆ వంశములోనిదే. తుపాను గాలికి కాకున్నను సామాన్యపు వడిగాలికి అది ఆరదు. కాని గాలికి ఆరని దీపము దొరికినంతమాత్రమున సమస్య తీరలేదు. చీకటిలో ఒక తెల్లని చుక్క కనబడినచో అది వచ్చుచున్నదా, పోవుచున్నదా, అడ్డముగా దాటుచున్నదా అని తెలియుటెట్లు? తెరచాప ఓడల కాలమున వేగము తక్కువ గనుక కేకలతోను ఊహలతోను సర్దుకొనిరి. ఆవిరి ఓడలు వచ్చి, గాలితో నిమిత్తము లేక ఏ దిక్కునకైనను పరుగెత్తసాగిన పిమ్మట రాత్రి ఢీకొనుటలు ప్రబలినవి. అందుపై 1848లో బ్రిటిష్ నౌకాశాఖవారు ఆవిరి ఓడలు ఎడమ ప్రక్కను ఎఱ్ఱదీపము, కుడి ప్రక్కను ఆకుపచ్చదీపము, స్తంభముపై తెల్లదీపము చూపవలెనని శాసించిరి. 1858లో తెరచాప ఓడలకును రంగుదీపములు విధింపబడినవి. 1889లో వాషింగ్టనున అనేక దేశముల ప్రతినిధులు కూడి సముద్రపు బాటనియమములను చర్చించిరి. ఇప్పుడు లోకమంతటను చెల్లుచున్నవి 1972లో కుదిరి 1977లో అమలునకు వచ్చిన నియమములు.

ఈ రంగుల యేర్పాటులోని తెలివిని గమనింపుడు. ప్రక్క దీపములు ఒక్కొక్కటి 112.5 డిగ్రీల మేరకే, అనగా నేరుగా ముందునుండి ప్రక్కను దాటి కొంచెము వెనుకకు మాత్రమే, కనబడును. కనుక ఎఱ్ఱదీపమొక్కటే కనబడినచో ఆ ఓడ తన ఎడమ ప్రక్కను మనకు చూపుచున్నది. ఆకుపచ్చ యొక్కటే కనబడినచో కుడి ప్రక్కను చూపుచున్నది. రెండును ఒక్కసారిగా కనబడినచో అది తిన్నగా మనమీదికే వచ్చుచున్నది! అక్షరము రానివాడు సైతము ఒక్క పూటలో నేర్వదగిన భాష యిది. ఏడు మీటర్లకు లోబడి, గంటకు ఏడు నాటుల వేగమునకు మించలేని మోటారు పడవకు చుట్టును కనబడు తెల్లదీపమొక్కటి యున్నను చాలును. తెడ్లతో నడచు చిన్నపడవవాడు కనీసము ఒక టార్చినో లాంతరునో చేతికందునట్లుంచుకొని, ప్రమాదము రాకముందే చూపవలెను. ఈ భాష రంగులపై ఆధారపడినదను మాటను పాఠకులు మనసున నుంచుకొందురు గాక. ముందు దీనితో పని కలదు.

తీరము కూడ దీపములతోడనే మాటలాడును. 1823లో ఫ్రాన్సు దేశమున కొర్దువాన్ దీపస్తంభముపై ఫ్రెనెల్ అను శాస్త్రజ్ఞుడు వలయములుగా చెక్కిన గాజు కటకమును నిలిపి, చెదరిపోవు వెలుగును ఒక్క పట్టీగా కూర్చి దూరమునకు పంపెను. విజయనగరము జిల్లా చింతపల్లి వద్ద, ఆంగ్లేయులు శాంతాపిల్లి యని వ్రాసిన చోట, సముద్రములోని బండలను గూర్చి హెచ్చరించుటకు 1847లోనే దీపమేర్పడినది. గోదావరి ముఖద్వారమువారికి తెలిసిన శాక్రమెంటో అను పేరు వెనుక ఒక ఓడ కలదు. అమెరికా యుద్ధనౌక 'శాక్రమెంటో' 1867 జూను 19వ తేదీన గోదావరి సముద్రమున కలియు చోటనున్న మునుగుతిప్పపై కూలబడి, అలల తాకిడికి ముక్కలయ్యెను. అందలి వారందఱును బ్రదికి బయటపడిరి. దాని కెప్టెను నెపోలియన్ కాలిన్సు అంతర్యుద్ధమున పేరు గాంచిన నావికుడే. అంతటివానికిని నీటి అడుగున దాగిన మన యిసుక లొంగలేదు. ఓడ పోయినది గాని దాని పేరు మాత్రము ఆ తిప్పకును, తరువాత అచట వెలసిన దీపమునకును నిలిచినది. చీకటిలో చూచుటకు నేడు ఎన్ని యంత్రములు వచ్చినను నీటి క్రింది యిసుకను చూపు యంత్రము వానిలో నేదియును గాదు. దానికి లోతు కొలుచు సాధనము వేఱుగా నుండవలెను, లేదా ముక్కున నిలిచి గడ దింపు మనిషి యుండవలెను.

ఇక చూచుట యను రెండవ అవసరము. మానవుని మొదటి రాత్రి సాధనము అతని కన్నే. కంటి వెనుకతెరపై రెండు విధములైన కణములున్నవి. పగటి వెలుగున రంగులను చూపునవి సుమారు 60 లక్షలు. మసక వెలుతురున పనిచేయునవి సుమారు 12 కోట్లు. ఈ రెండవ తరగతికి రంగులు తెలియవు, కాని మిక్కిలి సన్నని వెలుగును గూడ పట్టగలవు. వెలుగునుండి చీకటిలోనికి పోయిన తోడనే వీనికి బలము రాదు. అరగంట కావలెను. ఆ అరగంటలో కూడబెట్టిన చూపును ఒక్క అగ్గిపుల్ల వెలుగు దోచుకొనిపోవును. ఎఱ్ఱవెలుగు మాత్రము ఈ కణములను అంతగా బాధింపదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యేల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాల్టర్ మైల్సు, రాత్రి విధులకు పోవు విమానచోదకులు ముందుగా ఎఱ్ఱ కళ్లద్దములు ధరింపవలెనని సూచించుటకు కారణమిదియే. ఇంకొక విశేషము: కంటి నడిబిందువున ఈ మసక కణములు లేవు. అందుచే చీకటిలో నొక వస్తువును తేఱిపార చూచినచో అది మాయమగును, కొంచెము ప్రక్కకు చూచినచో కనబడును. నక్షత్రములను చూచు అలవాటున్నవారు దీనిని ఎఱుగుదురు.

ఈ కణములలోని రంగు పదార్థమునకు విటమిన్ 'ఎ' ముడిసరకు. జార్జి వాల్డు 1933లో ఆ విటమినును కంటి తెరలో కనుగొనెను. తరువాతి పరిశోధనలకు కలిపి 1967లో నోబెలు బహుమానము పొందెను. అది తఱిగినచో వచ్చునదే రేచీకటి. మన సుశ్రుతుడు రేచీకటికి మేక కార్జమును ఔషధముగా చెప్పియుండెను. ఎంత వెల పెట్టి దుర్భిణి కొన్నను, రేచీకటిగల కంటికి దానివలన గలుగు లాభము స్వల్పము. పడవ యజమానులు సరంగు చూపును వైద్యునిచే పరీక్ష చేయించుట యంత్రము కొనుటకంటె ముందుగా చేయవలసిన పని యని నా యభిప్రాయము. వయస్సు మీరిన కొలదియు కంటిపాప చీకటిలో విచ్చుకొను శక్తి తగ్గును. యౌవనమున సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకొనునది, వృద్ధాప్యమున 5 మాత్రమే కావచ్చును.

ఈ లెక్కకును దుర్భిణి ఎన్నికకును దగ్గఱి సంబంధము కలదు. పదునెనిమిదవ శతాబ్దపు నావికులు రాత్రి దుర్భిణి యని యొక ప్రత్యేక సాధనమును వాడిరి. అందు బొమ్మ తలక్రిందులుగా కనబడెడిది. దానిని నిలువుగా త్రిప్పుటకు మఱి కొన్ని కటకములు కావలెను, ఆ కటకములొక్కొక్కటి కొంత వెలుగును మ్రింగును. రాత్రివేళ వెలుగును పోగొట్టుకొనుటకంటె ఓడను తలక్రిందులుగా చూచుటయే మేలని వారు నిర్ణయించుకొనిరి. 1894లో జర్మనీలోని జైసు కర్మాగారమువారు గాజు పట్టకములతో కూడిన జంటదుర్భిణులను అమ్మకమునకు తెచ్చినప్పుడు బొమ్మ నిలువుగా వచ్చెను. 1935లో అదే సంస్థలోని స్మకులా కటకములపై పలుచని పూతపూసి, మెఱుపు రూపమున వృథాగా పోవు వెలుగును ఆపెను. నావికుల దుర్భిణిపై 7×50 అని వ్రాసియుండును. వస్తువును 7 రెట్లు పెద్దది చేయుననియు, ముందు కటకము వెడల్పు 50 మిల్లీమీటర్లనియు దాని యర్థము. 50ని 7చే భాగించిన వచ్చు 7 మిల్లీమీటర్లే కంటిలోనికి వచ్చు వెలుగుపట్టీ మందము, యువకుని కంటిపాపకు సరిగా సరిపోవును. 10 రెట్లు, 12 రెట్లు అని మురిసి కొన్నచో ఊగు పడవపై బొమ్మ నిలువదు, వెలుగును తక్కువ యగును. అంగడివాని మాటలలో పెద్ద అంకె కనబడినంతనే మంచి వస్తువని తలంచువారు ఇచటనే మోసపోవుదురు.

దుర్భిణి ఎంత ముఖ్యము? ఈ ప్రశ్నపై లోకమంతయు వాదించిన రాత్రి ఒకటి కలదు. 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి 11 గంటల 40 నిమిషములకు టైటానికు ఓడ కాపరులు ముందు మంచుకొండను చూచి గంట మ్రోగించిరి. చంద్రుడు లేడు. సముద్రము అద్దమువలె నుండెను. అలలుండినచో మంచుకొండ అడుగున తెల్లని నురుగు కనబడి ముందే పట్టి యిచ్చెడిది, ఆ సాయము కూడ ఆ రాత్రి లేకపోయెను. ఓడ సుమారు 22 నాటుల వేగముతో పోవుచుండెను. తెల్లవాఱకముందే 1500 మందికి పైగా ప్రాణములు పోయినవి. కాపరులకు దుర్భిణి ఇయ్యలేదు. ఓడ బయలుదేరుటకు ముందు దిగిపోయిన యొక అధికారి గదిలో అవి తాళము వేయబడియుండెనని చెప్పుదురు. కాపరి ఫ్రెడరిక్ ఫ్లీటు విచారణలో, దుర్భిణి యుండినచో కొంచెము ముందుగానే చూచియుండెడివాడననియు, తప్పించుకొనుటకు అది చాలియుండెడిదనియు సాక్ష్యమిచ్చెను.

ఈ కథను ఇంతవఱకే చెప్పి, తాళముచెవి లేకపోవుటవలన ఓడ మునిగెనని ముగించువారు పెక్కురు. కాని అదే విచారణలో దక్షిణ ధ్రువ యాత్రికుడు షాకిల్టను చెప్పిన మాటలు అంత ప్రసిద్ధికి రాలేదు. కాపరి చేతిలో దుర్భిణి యుండుట తనకు ఇష్టము లేదని ఆయన చెప్పెను. దుర్భిణి చూపును ఒక్క మూలకు బంధించును. కాపరి పని దిక్చక్రమంతటిని తెఱచిన కంటితో కలయజూచుట. ఏదో కనబడిన తరువాత అది యేమో తేల్చుకొనుటకు దుర్భిణి కావలెను. మంచు ప్రాంతమున అంత వేగముగా పోవుటయే తప్పని ఆయన యభిప్రాయము. బ్రిటిషు విచారణ తుదకు వేగమునే కారణముగా నిర్ణయించెను. నాకు షాకిల్టను మాటయే సమంజసముగా తోచుచున్నది. చూపు ఎంత దూరము పోవునో అంత దూరములో ఆపుకొనగల వేగమే రాత్రివేళ తగిన వేగము.

వెలుగును ముందునకు విసరి చూచుట మఱియొక మార్గము. సూయజు కాలువలో మొదట రాత్రివేళ ఓడలు ఆగిపోవలసియుండెను. 1887 నుండి విద్యుద్దీపము ముక్కున గల ఓడలను రాత్రియందును నడువనిచ్చిరి. ఎదురు వచ్చు ఓడవారికి కన్నులు చెదరకుండ వెలుగుపట్టీని నడుమ రెండుగా చీల్చి, గట్లపై మాత్రమే పడునట్లు చేసిన దీపములు అచట వాడుకలోనికి వచ్చినవి. నేటి మన లాంచీలపై అమర్చు బలమైన దీపములకు ఈ మర్యాద లేదు. రేవు దగ్గఱకు వచ్చినప్పుడు, నీటిలో పడినవానిని వెదకునప్పుడు అవి మిక్కిలి ఉపకరించును. కాని వానిని వెలిగించుకొని ప్రయాణము సాగించువాడు ఎదుటివానిని గ్రుడ్డివానిని చేయుటయే గాక, పొగమంచులో తానును తెల్లని గోడను చూచుచుండును.

కంటితో నిమిత్తము లేక చీకటిని ఛేదింపవచ్చునని మొదట చూపినవాడు హ్యూల్స్‌మెయరు అను జర్మను. 1904 మే నెలలో కొలోను నగరమున రైను నదిపై వంతెనవద్ద, నదిలోని పడవ నుండి మఱలివచ్చు విద్యుత్తరంగములచే గంట మ్రోగునట్లు అతడు ప్రదర్శించెను. ఓడల కంపెనీలుగాని నౌకాదళములుగాని దానిని కొనలేదు. టైటానికు మునుగుటకు ఎనిమిదేండ్ల ముందటి మాట యిది! ముప్పది యేండ్ల తరువాత యుద్ధభీతి రాడారును మఱల కనిపెట్టించెను. 1940లో బర్మింగుహామున రాండలు, బూటు అనువారు నిర్మించిన మాగ్నెట్రాను దానిని ఓడలకు తగినంత చిన్నదిగా చేసినది. ఆంగ్ల విమానచోదకులు కారెట్లు తినుటచే చీకటిలో చూచుచున్నారని ఆనాడు పత్రికలలో ప్రచారము చేసి, రాడారు రహస్యమును కప్పిపుచ్చిరి. ఆ నమ్మకము నేటికిని మన యిండ్లలో పిల్లలకు కారెట్లు తినిపించుటకు పనికివచ్చుచున్నది.

రాడారు వచ్చినంత మాత్రమున ఢీకొనుటలు ఆగినవా? 1956 జూలై 25వ తేదీ రాత్రి అమెరికా తీరమున నాంటకెట్టు దాపున ఇటలీ ఓడ 'ఆండ్రియా డోరియా'యు, స్వీడను ఓడ 'స్టాకుహోము'ను ఢీకొనినవి. రెంటను రాడారు కలదు. రెండును ఒకదానినొకటి చాల దూరముననే తెరపై చూచినవి. పొగమంచులో ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిరిగి ఒకే చోటికి చేరినవి. 51 మంది మరణించిరి. ఆండ్రియా డోరియాపై తెరమీది చుక్క కదలికను కాగితముపై గీచి చూచుకొనలేదు. స్టాకుహోమున దూరపు కొలతను పొరపాటుగా చదివిరని తరువాత పరిశీలించినవారు కొందఱు వాదించిరి. చాలీచాలని రాడారు సమాచారముపై ఊహలు కట్టరాదను నియమము నేటి సముద్రపు బాటనియమములలో స్పష్టముగా చేర్చబడియున్నది.

ఇప్పుడు మనవారు దుకాణములలో చూచుచున్న రాత్రిచూపు యంత్రములకు వత్తము. ఇవి ముఖ్యముగా రెండు జాతులు. పేరు ఒక్కటే గాని స్వభావములు వేఱు.

మొదటిది వెలుగును పెంచునది. నక్షత్రముల వెలుగు ఒక ప్రత్యేకమైన పూతపై పడి ఎలక్ట్రానులను రాల్చును. వానిని విద్యుచ్ఛక్తిచే పరుగెత్తించి మెఱయు తెరపై పడవేసినచో బొమ్మ ప్రకాశవంతమగును. ఈ గొట్టమును 1930 ప్రాంతమున హాలెండునందలి ఫిలిప్సు పరిశోధనాలయమున రూపొందించిరి. రెండవ ప్రపంచయుద్ధమున దీనికి కంటికి కనబడని పరారుణ దీపమును జోడించి తుపాకులపై అమర్చిరి. ఆ దీపము అవసరము లేకుండ నక్షత్రకాంతితోడనే పనిచేయు యంత్రములు 1960లలో వియత్నాము యుద్ధమున వచ్చినవి. లక్షలాది సన్నని గాజు రంధ్రములుగల పలుచని బిళ్ల 1970లలో చేరి రెండవ తరము, గాలియం ఆర్సెనైడు పూత చేరి మూడవ తరము ఏర్పడినవి. తెర ఆకుపచ్చగా నుండుటకు కారణము, మన కన్ను ఆ రంగులోని తేడాలను చక్కగా గుర్తించుటయే. ఒడ్డు, చెట్లు, వంతెన స్తంభములు, దీపము లేని పడవ యివి యన్నియు దీనియందు సహజమైన ఆకారములతో కనబడును. ఊరి దీపములు ఎదురైనచో మాత్రము తెరపై వెలుగు వరద పారును. మబ్బు మూసిన అమావాస్య రాత్రి పెంచుటకు వెలుగే యుండదు. వర్షము, పొగమంచు దీనికి ప్రబల శత్రువులు.

అగ్గువకు దొరకునవి చాలవఱకు ఈ జాతివి కావు. సాధారణపు కెమెరా కన్నునకు పరారుణ దీపమును చేర్చినవి. తోటకాపునకు ఇవి చాలును. నీటిపై మాత్రము దీపపు వెలుగు అలలపై పడి ముందునకే జాఱిపోవును, మనవైపు తిరిగి రాదు. మంచు, తుంపరలు మాత్రము దానిని మన కంటిలోనికే కొట్టును. పడవవారు వీనిని కొనుట డబ్బును నీటిలో వేయుటయే.

రెండవ జాతి వేడిని చూచునది. 1800లో విలియం హెర్షెలు సూర్యకాంతిని ఏడు రంగులుగా విడదీసి, ఎఱ్ఱరంగునకు ఆవల ఏమియు కనబడనిచోట ఉష్ణమాపకమునుంచగా అది పైకి లేచెను. ప్రతి వస్తువును తన వేడికి తగినట్లు ఈ కనబడని కిరణములను వెలువరించుచుండును. వానిని పట్టు యంత్రములు మొదట మిక్కిలి చల్లార్చబడిన కణములతో పనిచేసి, సైన్యములకే పరిమితములయ్యెను. చల్లార్చవలసిన పనిలేని సూక్ష్మమైన పలకలను అమెరికాలో 1980లలో నిర్మించి, 1992లో రహస్యపు ముద్రను తొలగించిన పిమ్మట ఇవి సామాన్యులకును అందసాగినవి. వీనికి నక్షత్రకాంతితోడను పనిలేదు. నీటిపై తేలు మనుష్యుని తల, ఇంజను వేడెక్కిన పడవ, పగటి యెండను దాచుకొన్న యిసుకతిన్నె చీకటిలో తెల్లగా మెఱయును. మనిషి నీటిలో పడిన రాత్రి దీనిని మించిన సాధనము లేదు.

కాని దీనికిని లోపములున్నవి. సాధారణపు గాజు ఈ కిరణములకు గోడవంటిది, కనుక లాంచీ గది అద్దమునుండి చూచినచో తన ముఖపు నీడయే కనబడును. యంత్రపు కటకము జెర్మేనియమను లోహజాతి పదార్థముతో చేయబడును, ధర హెచ్చుటకు అదియును ఒక కారణము. తెల్లవాఱుజామునను సంధ్యవేళను కొంతసేపు వస్తువుల వేడియు నీటి వేడియు సమానమై బొమ్మ చప్పబడును. అన్నిటికంటె మనవారు గమనింపవలసినది వేఱొకటి కలదు. ఏటి ముఖమున వలలు కట్టుటకు పాతిన వెదురుగుంజలు, నీటినానిన దుంగలు, వల బెండ్లు నీటి వేడినే పొంది యుండును. ఈ యంత్రమునకు అవి దాదాపు లేనట్లే.

ఇంతకు ముందు మనసున నుంచుకొనుమన్న రంగుల సంగతి ఇప్పుడు వచ్చినది. వెలుగును పెంచు యంత్రమున ప్రపంచమంతయు ఆకుపచ్చ. వేడిని చూచు యంత్రమున నలుపు, తెలుపు. ఎఱ్ఱదీపమునకును ఆకుపచ్చదీపమునకును రెంటియందును భేదము లేదు. ఈ కాలపు సన్నని విద్యుద్దీపములకు వేడి తక్కువ గనుక రెండవదానిలో దీపము వెలుగుచున్నదో లేదో కూడ తెలియకపోవచ్చును. నూటడెబ్బది యేండ్లుగా నావికులు నేర్చిన భాషను ఈ ఖరీదైన కన్నులు చదువజాలవు. అందుచే యంత్రములో ఏదైన కనబడినప్పుడు దానిని దింపి, వట్టి కంటితో చూచి, దాని దీపముల రంగు తెలిసికొని గాని చుక్కాని త్రిప్పరాదు. యంత్రమును ఒక్క కంటికే యుంచుకొనుటలో మేలు ఇచటనే కలదు. రెండవ కన్ను చీకటికి అలవాటుపడినట్లే యుండును.

కొనదలచినవారు ముందుగా తమ నీరు ఎట్టిదో ఆలోచించుకొనవలెను. కాలువపైనను, ఇరుకైన యేటిపైనను నడచువారికి సరియైన దీపములును, 7×50 దుర్భిణియు, చేతి టార్చియు చాలును. ముసలి సరంగునకు 7×35 కూడ దాదాపు అంతే చూపును, బరువు తక్కువ. రాత్రివేళ ప్రయాణికులను దాటించు పెద్ద లాంచీలకు వేడిని చూచు యంత్రమొకటి యుండుట న్యాయము. ఎవరైన నీటిలో పడినచో వెదకుటకు నిమిషములే యుండును గదా. అది తక్కువ పెంపు గలదై, ఎక్కువ వెడల్పు మేరను చూపునదై యుండవలెను. సెకనునకు 9 బొమ్మలే చూపు యంత్రములు వెల తక్కువకు వచ్చును, కాని కదలు పడవపై బొమ్మ త్రొక్కిసలాడును. 30 చూపునది మేలు. నీరు చొరనిదై, చేయి జాఱినను తేలునదై యుండవలెను. తెర వెలుగును బాగుగా తగ్గించు వీలున్నదేమో చూడవలెను. లేనిచో యంత్రమే రేచీకటిని కలిగించును. దుకాణపు దీపముల క్రింద చూచి బేరమాడరాదు. చీకటిపడిన పిమ్మట రేవునకు తీసికొనిపోయి, తెలిసిన దూరమున తెలిసిన మనిషిని నిలిపి చూడనిమ్మని అడుగవలెను. ఒప్పుకొనని వర్తకునియొద్ద కొనవలసిన అగత్యము లేదు.

సముద్రమునకు పోవు వేటపడవల సంగతి వేఱు. అచట భయము తమకు ఓడ కనబడకపోవునేమో యని కాదు, తాము ఓడకు కనబడమేమో యని. పెద్ద ఓడ దీపములు ఎంతో దూరమునకు కనబడును. కాని దాని అధికారికి అలల నడుమ ఫైబరు తెప్ప కనబడదు. కొయ్యయు ఫైబరును రాడారు తరంగములను సరిగా మఱలింపవు. ఒకదానికొకటి లంబముగా నుండునట్లు మూడు లోహపు రేకులను మూలగా కూర్చి స్తంభముపై కట్టినచో, వచ్చిన తరంగము వచ్చిన దారినే తిరిగిపోయి, చిన్నపడవ సైతము తెరపై పెద్ద చుక్కయై కనబడును. మన ఊరి రేకుల పనివాడు సైతము దీనిని చేయగలడు. మూలలు నిక్కముగా లంబముగా నుండుట ఒక్కటే నియమము. 2024 ఆగస్టున కేంద్ర ప్రభుత్వము లక్ష వేటపడవలకు సంకేతములను పంపు యంత్రములను అమర్చు పథకమును ప్రారంభించినది. అవి అమరిన పడవవారు సైతము రేకులను తీసివేయనక్కఱలేదు. రేకులకు బ్యాటరీ అక్కఱలేదు. ఉప్పుగాలికి చిలుమెక్కకుండ ఏటేట రంగు వేసి, తుపాను దాటిన తరువాత మూలలు వంగినవేమో మట్టముతో సరిచూచుకొన్న చాలును.